వేళ్ళు అడ్డొచ్చిన ఫోటోలు

నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. దానికి తోడు శుభ్రం పిచ్చి ఒకటి. ఇంట్లో చెత్తబుట్ట సగం నిండితే చాలు, తీసుకెళ్ళి పారబోసి వచ్చేదాకా మనసు కుదుటపడదు. అలాంటి నన్ను నమ్మి మా మావయ్యగారు తన యాభై ఏళ్ళ పని నా ఫోన్‌లో పెట్టారు. ఒక శుక్రవారం పొద్దున, కుక్కర్ మూడో కూత వేసేలోగా, అదంతా నేను తుడిచిపెట్టాను.

మాది పెడన. కలంకారీ అద్దకం పని. మా ఆయన బల్ల దగ్గర నిలబడి బట్ట మీద అద్దుతారు. మావయ్యగారు అద్దడానికి కావలసిన చెక్క అచ్చులు చెక్కేవారు. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టేశారు కానీ చెక్కినవన్నీ, రెండొందల దాకా, వెనక గదిలో అరల నిండా ఉండేవి. రెండేళ్ళ కిందట వానలకు డ్రెయిను పొంగి ఆ గదిలో నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయి. టేకు చెక్కే అయినా అంత నానాక ఎండేటప్పుడు పగలకుండా ఉంటుందా? రోజుకు కొన్ని చొప్పున వంకర తిరిగాయి, నిలువునా చీలాయి.

అప్పుడు ఫోటోలు తీద్దామన్నది నేనే. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడే వేళ అరుగు మీద ఒక్కో అచ్చునూ పెట్టి, పక్కన స్కేలు ఉంచి తీసేదాన్ని. రెండు ముక్కలైన అచ్చుల్ని మావయ్యగారు చేతులతో దగ్గరికి అదిమి పట్టుకునేవారు. ఆయన వేళ్ళు బొమ్మ మీదికి వచ్చేవి. "మావయ్యగారూ, చెయ్యి అడ్డొస్తోందండీ" అని రోజుకు పదిసార్లు అరిచేదాన్ని. ఆ తర్వాత తాడుతో కట్టి మళ్ళీ తీసేదాన్ని. మొదట తీసినవి పనికిరానివని తెలిసినా తీసెయ్యడానికి బద్ధకించి అలాగే వదిలేశాను.

అన్నీ అయ్యాక పగిలిన చెక్కల్ని ఏం చెయ్యాలన్న మాట వచ్చింది. బట్ట ఉడకేసే రాగి బాన కింద పెట్టమన్నారు మావయ్యగారు. "ఫోటోలున్నాయిగా అమ్మాయ్, ఇంకెందుకీ పుల్లలు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను. ఎండిన టేకు కదా, బాగా మండింది.

అప్పటి నుంచీ రోజూ టిఫిన్ అయ్యాక ఆయన ల్యాప్‌టాప్ కంప్యూటర్ ముందు కూర్చుంటారు. నా ఫోన్‌లో ఉన్నవే అందులోనూ కనిపించేలా బిగించి ఇచ్చాడు కంప్యూటర్ అమ్మినాయన. ఒక్కో బొమ్మా పెద్దది చేసి చూపిస్తే, ఏది ముందు మళ్ళీ చెక్కించాలో చెప్తారు. ఈయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు ఒకతను వేసవిలో వచ్చి చెక్కుతానని మాటిచ్చాడు. ఆ మాట మీదే ఉన్నారు ఆయన.

ఇక ఆ శుక్రవారం సంగతి. ఫోన్‌లో చోటు లేదని వారం రోజులుగా పోరు. కొత్త బేరం వాళ్ళు పంపే రంగుల ఫోటోలు దిగడం లేదని మా ఆయన సణుగుడు. కంప్యూటర్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అనుకున్నాను. నా బుర్ర అద్దకంవాళ్ళ బుర్ర. మా వీధిలో చెక్కనీ అచ్చు అంటాం, అది బట్ట మీద వేసిన బొమ్మనీ అచ్చు అంటాం. చెక్కని కడిగేస్తే బట్ట మీదది పోతుందా? ఫోన్ చెక్క, కంప్యూటర్ బట్ట. అంతే నా లెక్క. అన్నీ ఎంచి నొక్కాను. ఏదో హెచ్చరిక పెట్టె వచ్చింది. చదవలేదు, సరే అన్నాను. తుడిచినవన్నీ ఇంకా చెత్తబుట్టలో ఉన్నాయంది ఫోను. నా సంగతి తెలుసుగా, అదీ ఖాళీ చేశాను. ఖాళీ అయిన ఫోన్ చూసుకుని ఎంత హాయిగా ఉందో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు పొద్దున మావయ్యగారి కోసం కంప్యూటర్ తెరిస్తే అందులోనూ ఖాళీ. మూసి మళ్ళీ తెరిచాను, అదే ఖాళీ. వెనక ఆయన కుర్చీ లాక్కుంటున్న చప్పుడు.

"నెట్ రావట్లేదు మావయ్యగారూ" అన్నాను.

"సరేలే, రేపు చూద్దాం" అని పేపర్ తీసుకున్నారు. ఆయనతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజంతా కూరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు. మా ఆయనకు చెబుదామా అంటే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారం కంప్యూటర్ మొరాయించిందన్నాను. సోమవారం దాన్ని బాగు చేయించుకొస్తానని చెప్పి, సంచిలో పెట్టుకుని బందరు బస్సెక్కాను.

బందరులో మాకు తెలిసిన రిపేరు షాపు ఉంది. షాపు భాయ్‌గారి తాతల కాలంలో వాళ్ళింట్లోనూ అద్దకమే. ఆయన ఓపిగ్గా అంతా విని, నా ఫోనూ కంప్యూటరూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"ఇవి రెండు బట్టలు కాదమ్మా. అచ్చు ఒక్కటే, అది నెట్‌లో ఉంది. ఫోన్‌లో చూసినా కంప్యూటర్‌లో చూసినా మీరు చూస్తోంది దాన్నే. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతుంది" అన్నారు.

"మరి బుట్టలోంచి తియ్యలేరా అండీ?"

"బుట్టలో కొన్నాళ్ళు ఉంటాయమ్మా. మీరు అదీ ఖాళీ చేశారు. ఎందుకు చేశారు?"

"చెత్త కదండీ" అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నాకు ఏడుపొచ్చేసింది. పరాయి షాపులో, నలుగురు చూస్తుండగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తెప్పించారు.

"ఎవరికైనా షేర్ చేశారా? వాళ్ళు విడిగా సేవ్ చేసుకుని ఉంటే అవి పోవు" అన్నారు. గుడివాడలో ఉన్న మా ఆడపడుచుకు ఆల్బమ్ మొత్తం పంచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. భాయ్‌గారు ఒక చిన్న హార్డ్ డిస్క్ చేతిలో పెట్టి, ఏం దొరికినా ముందు ఇందులో ఎక్కించుకోండి, ఇది మాత్రం నిజంగా విడి బట్టే అన్నారు.

ఫోన్ చేసి అడగొచ్చు. కానీ ఆడపడుచు ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, మాట ఇటు నుంచి అటు వెళ్ళి సాయంత్రానికి మావయ్యగారి చెవిలో పడుతుంది. బందరు స్టేషన్‌కు వెళ్ళి గుడివాడ ప్యాసింజర్ ఎక్కాను. దారిలో మా పెడన వస్తే ఎవరైనా చూస్తారేమోనని తల కిటికీ కిందికి దించుకుని కూర్చున్నాను. కంప్యూటర్ సంచి ఒళ్ళో పెట్టుకుని, ఆమె సేవ్ చేసుకుని ఉండాలని దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. దేనికి పెట్టుకుంటున్నానో దేవుడికైనా అర్థమైందో లేదో.

నన్ను గుమ్మంలో చూసి ఆడపడుచు పలకరించలేదు. మంచినీళ్ళిచ్చి ఎదురుగా నిలబడింది.

"నన్నెందుకు తీసేశారు వదినా?" అంది.

నాకేమీ అర్థం కాలేదు. శనివారం ఆల్బమ్ తెరిచి చూస్తే ఒక్క ఫోటో లేదట. అన్నయ్యా వదినా తనకు చూపించకుండా దాచుకున్నారనుకుందట. నాన్న చేతి పనిలో తనకేం వాటా లేదనుకున్నారా అని మూడు రోజులుగా లోపల్లోపల కుమిలిపోతోంది. నేను చేసిన పని చెప్పాను.

"అన్నీనా?"

"అన్నీ. నువ్వేమైనా సేవ్ చేసుకున్నావా?"

ఆమె ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. ముప్పై ఎనిమిది ఉన్నాయి. ఒక్కొక్కటీ జరిపి చూశాను. ప్రతి దాంట్లోనూ వేళ్ళు. చిలక తల మీద బొటనవేలు, తీగ మలుపు మీద చూపుడువేలు, నెమలి పింఛం సగం దాకా అరచెయ్యి. నేను అరిచి అరిచి మళ్ళీ తీసిన ఫోటోల్లో ఒక్కటీ లేదు.

"మంచివి దాచుకోలేదా?" అన్నాను, నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"నాకు అచ్చులెందుకు వదినా? నాన్న చేతులున్నవి ఏరుకున్నాను" అంది.

ఆ ముప్పై ఎనిమిదీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకుని సాయంత్రం బండికి ఇల్లు చేరాను. బాగైందా అని మావయ్యగారు అడిగితే, పొద్దున చూద్దాం లెండి అన్నాను.

పొద్దున ఇడ్లీ తిని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. తెర వెలిగించకుండా ఆయన ఎదురుగా నిలబడ్డాను. ముందే అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఫోటోలు పోయాయి మావయ్యగారూ. నేనే తుడిచేశాను. తెలియక చేశాను."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు. తిడితే బాగుండునని నిలబడ్డాను.

"తుడిచింది నువ్వయితే, పొయ్యిలో పెట్టమన్నది నేను" అన్నారు చివరికి. "ఏమైనా మిగిలాయా?"

మిగిలినవి తెరిచాను. మొదటిదే చిలక. ఆయన ముందుకు వంగి, తెర మీద తన బొటనవేలున్న చోట ఇప్పటి వేలు పెట్టారు.

"నువ్వు అరిచినా చెయ్యి తియ్యలేదేం నేను?" అన్నారు. "ఈ వేలి కింద, చిలక ముక్కున, మూడాకులుండాలి. మధ్యది కొంచెం వంగి ఉంటుంది. కాయితం తే అమ్మాయ్."

కాయితం, పెన్సిలు తెచ్చి ఇచ్చాను. గీత వణికింది. ఒక ఆకు గీసి, కొట్టేసి, మళ్ళీ గీశారు. మూడో ఆకు దగ్గర చాలాసేపు ఆగి, అది కూడా గీశారు. మిగతా నూట అరవై ఏమవుతాయో నాకు తెలియదు, ఆయన అడగలేదు.

గీసిన కాయితాన్ని ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తాను. అది చూడగానే ఆయన అలవాటు చొప్పున చెయ్యి పక్కకు తీసేసుకున్నారు.

"తియ్యకండి మావయ్యగారూ" అన్నాను. "అక్కడే ఉంచండి."