అక్కడపిల్ల

డిసెంబరు, రెండో శనివారం, జమ్మలమడుగు. హాజరైనవారు: నాటకం రాసి ఆడిస్తున్న కాలేజీ లెక్చరరు, తండ్రి వేషం అబ్బాయి, కూతురి వేషం అమ్మాయి, పనిమనిషి వేషం అమ్మాయి, తెర పక్కన మాట అందించడానికి నేను. తెలుగు పండితుడిగా రిటైరైన వాణ్ని గనుక పుస్తకం నా చేతికిచ్చారు.

అంతకుముందు ప్రొద్దుటూరు ప్రదర్శనలో కూతురి వేషం అమ్మాయి "ఎక్కడికి వెళ్తున్నారు నాన్నా" అనాల్సినచోట "యాడికి పోతాండావు నాయనా" అనేసింది. జనం నవ్వారు. లెక్చరరుది కోస్తా. ఆయన నవ్వలేదు.

"నోట్లోకి 'ఆడ' వచ్చిందా, 'అక్కడ' చేసెయ్. 'ఈడ' వస్తే 'ఇక్కడ'. ఇంకోసారి జారావో, పులివెందులలో నీ వేషం పనిమనిషి పిల్లకిస్తా" అన్నాడు.

పులివెందుల ఆ అమ్మాయి సొంతూరు. కూతురి వేషం తన పిల్లదేనని వాళ్లమ్మ అప్పటికే వీధంతా చెప్పేసింది.

జమ్మలమడుగుకు వ్యానులో వస్తుంటే తండ్రి వేషం అబ్బాయి, "ఏమ్మే, ఆకలైతాందా?" అన్నాడు.

"ఆకలి వేస్తోందా అనప్పా. నా వేషం పోగొట్టేటట్టుండావే!"

ఆ సాయంత్రం మూడో రంగం దాకా ఒక్క మాటా జారలేదు. తండ్రి చదువు మాన్పిస్తానంటాడు. కూతురు "ఆడపిల్లననేగా నాన్నా, ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదు?" అనాలి. "ఆ..." అని ఆగింది. లెక్చరరు వైపు చూసింది. తర్వాత స్పష్టంగా, "అక్కడపిల్లననేగా నాన్నా!" అంది.

పుస్తకం చూశాను. ఆ మాట లేదు. తండ్రి వెనక్కి తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. జనం ఏడుస్తున్నాడనుకున్నారు.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ గట్టిగా, "బాగ అడిగినావు మే! పుట్టినప్పుడే ఆడ పిల్ల అంటిరి. ఈడ మాటకు విలువ యాడిది?" అంది. చప్పట్లు మొదలయ్యాయి.

తెర పడ్డాక ఆ అమ్మాయి ఏడుస్తూ, "నా వేషం పోయినట్టేనా సార్?" అని నన్నడిగింది. తెలియదన్నాను. అవతల లెక్చరరు చుట్టూ జనం.

"ఆ మాట శానా బాగ రాసినారు సార్."

"థాంక్యూ" అంటున్నాడాయన.

మర్నాడు పొద్దున పులివెందులలో రిహార్సల్. నా పుస్తకంలో లెక్చరరు 'ఆడపిల్ల' కొట్టేసి ఎర్ర ఇంకుతో 'అక్కడపిల్ల' అని రాశాడు. ఆ అమ్మాయి మాత్రం ఎన్నిసార్లు చెప్పించినా 'ఆడపిల్ల' అనే అంటోంది.

"నిన్నటిలా అనమ్మా" అని బతిమాలాడు.

"అది తప్పు గదా సార్. ఏ మాటంటే వేషం పోతాదో ముందు తేల్చి చెప్పండి."

అంతదాకా ఓ మూల కూతురి మాటలు వల్లె వేస్తున్న పనిమనిషి వేషం అమ్మాయి టిఫినుకు వెళ్లిపోయింది.