గంట విమానానికి ఆడిన బేరం

రెండు గంటలు ముందే ఎయిర్‌పోర్టులో ఉండాలన్న మాటను బేరమాడి ముప్పావు గంటకు దించిన మొనగాణ్ణి నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్నది బట్టల కొట్టు, బాబాయిది పక్కనే గాజుల కొట్టు. ఎవరు ఏ అంకె చెప్పినా సగం అబద్ధమని నమ్ముతూ పెరిగాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. రేపు బస్సులు తిరుగుతాయో లేదో ఇవాళ తెలిసేది కాదు. విజయవాడలో మా అక్కకు మర్నాడు మధ్యాహ్నం రెండింటికి గుండె ఆపరేషన్. "నీ మొఖం చూసినంకనే లోపలికి పోతా తమ్మీ," అంది ఫోనులో. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే.

మా వీధిలో టికెట్లమ్మే కోస్తా ఆయన దగ్గరికి వెళ్లాను.

"రోడ్డు మీదైతే రెండొందల డెబ్బై కిలోమీటర్లండి, ఐదారు గంటలు. విమానమైతే గంటేనండి."

"పైకెల్లి సీదా పోతది గద, దూరం ఇంకా తక్కువే. మరి రేటెందుకు ఎక్కువ?"

ఆయన నవ్వాడు. "పదింటికి ఫ్లయిటు. ఎనిమిదికల్లా అక్కడుండండి."

గంట ప్రయాణానికి రెండు గంటలు కాపలా ఎందుకు? అక్కడ కాఫీ అమ్మేవాళ్లతో ఈయనకేదో లాలూచీ ఉందనుకున్నాను. కోస్తావాళ్లు మమ్మల్ని, మేం వాళ్లని నమ్మని రోజులు. నా గుణానికి అది బాగా కలిసొచ్చింది.

"ఆఖరి మాట చెప్పున్రి."

"ముప్పావు గంట ముందు కౌంటరు మూసేస్తారండి. ఆపైన నా చేతిలో లేదు."

అసలు ధర తొమ్మిదింపావని తేలింది. మర్నాడు ఎనిమిదింటికి తాపీగా ఆటో ఎక్కాను.

"సైదాబాద్ మీదికెల్లి పోదామన్నా. ఎల్బీ నగర్ల రాస్తారోకో అంట," అన్నాడు ఆటో అతను.

"నన్ను చుట్టూ తిప్పుతవా? సీదా పో."

"కిరాయి ముందే మాట్లాడుకుంటిమి. తిప్పితే నాకేమొస్తదే?"

నిజమే. అయితే ఎదుటివాడికొచ్చే లాభం కనిపించకపోతే నాకు అనుమానం రెట్టింపవుతుంది. సీదాగానే పోనిచ్చాను.

ఎల్బీ నగర్‌లో రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. వెనక లారీలు నిలిచిపోయాయి, తిరగడానికి లేదు. దిగి, పొయ్యి దగ్గరున్న పెద్దమనిషిని బతిమాలాను.

"జర తొవ్వ ఇయ్యే అన్నా. అక్కకు ఆపరేషన్."

"పొద్దుగాలసంది పదిమందికి ఆపరేషన్లే. కాయితమున్నదా?"

ఉన్నదల్లా టికెట్టే. చూపించాను.

"ఇమానంల పోయెటోనివి, నీకేం ఫికరే! కూసో, బువ్వ తినిపో."

రోడ్డు తెరుచుకునేసరికి పన్నెండున్నర. విమానం ఎప్పుడో వెళ్లిపోయింది. అక్కడే విజయవాడ బస్సెక్కాను. రెండు దాటాక బావ ఫోను చేశాడు. "ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు. నువ్వు గేటు దాకా వచ్చావేమో చూడమని రెండుసార్లు పంపింది నన్ను."

ఇక లెక్క. విమానానికి పట్టేది గంట, నాకు పట్టింది పదకొండు. టికెట్ డబ్బు మొత్తం పోయింది. ఆటో అతనికి యాభై ఎక్కువిచ్చాను, అతను అడగలేదు. ఆపరేషన్ బాగా జరిగింది, అది డాక్టర్ల పుణ్యం. మంచం నుంచి థియేటర్ తలుపు దాకా అక్క నా కోసం వెనక్కి చూసుకుంటూ భయంతో వెళ్లింది. అది మాత్రం పూర్తిగా నా పేర రాసుకున్నాను.