దుంగల గుట్ట లెక్క

నా చిన్నతనంలో ఒక సాయంత్రం... రాజురాలో మా బడి వెనక ఉన్న కలప డిపో. టేకు దుంగలను గుట్టగా పేర్చి ఉంచారు. అడుగు వరుసలో పదిహేను, దానిపై పద్నాలుగు, ఆ పైన పదమూడు... అలా ఒక్కొక్కటే తగ్గుతూ అన్నిటికంటే పైన నాలుగు. మా లెక్కల మాస్టారు రాజేశం సారు ఆ గుట్ట ముందు నిలబడి, వేలు పెట్టి ఎంచకుండా మొత్తం ఎన్నో చెప్పమన్నారు.

మేము ఆరుగురం పిల్లలం. కళ్లతోనే ఎంచబోయి మధ్యలో లెక్క తప్పాము.

"దీని పక్కన గిసొంటిదే ఇంకో గుట్ట తలకిందులుగ పెట్టినమనుకో బిడ్డా. గిప్పుడు ఒక్కో వరుసల ఎన్నుంటయ్?" అన్నారు సారు.

పదిహేను పక్కన నాలుగు... పద్నాలుగు పక్కన ఐదు... ఏ వరుస చూసినా పంతొమ్మిదే. పన్నెండు వరుసలకు రెండు వందల ఇరవై ఎనిమిది. అందులో సగం నూట పద్నాలుగు. అందరికంటే ముందు నేనే చెప్పాను. డిపో కావలివాడు నమ్మలేదు. ఒక్కొక్క దుంగ మీద సుద్దగీత పెట్టుకుంటూ ఎంచి, చివరకు సారు వైపు అనుమానంగా చూసి, డిపో కాగితాలు ముందే చూసి వచ్చారా అని అడిగాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాము.

దానిని అంకశ్రేఢి అంటారని తరువాత తెలిసింది. గుణశ్రేఢి కోసం మరునాడు సారు తన భుజం మీది తువ్వాలు తీసి మడిచారు. రెండు పొరలు, నాలుగు, ఎనిమిది, పదహారు... ఆరో మడతకు చేతులు చాలక ఆపేశారు.

ఆ పాఠాలు డిపోలో ఎందుకు జరిగేవంటే... అంతవరకు మా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాలను విడదీసి కలిపిన ఆ ఏడు మేము బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాము. పుస్తకాలు మరాఠీ, పాఠం మరాఠీ. సారు ఉర్దూలో చదువుకుని, తెలుగులో బోధించినవారు. మరాఠీ పుస్తకాన్ని అక్షరం కింద వేలు పెట్టి చదివేవారు. తరగతిలో నోరు తిరగని పాఠాన్ని బడి విడిచాక డిపోలో తెలుగులో చెప్పేవారు.

కొత్తగా వచ్చిన అధికారుల కూతుళ్లు ముందు బల్ల మీద కూర్చునేవారు. మా డిపో పాఠాలకు వాళ్లు 'తెలంగీ శాళా' అని పేరు పెట్టారు, తెలుగువాళ్ల బడి అని ఎత్తిపొడుపుగా. నాకు మరాఠీ వాళ్లతో సమానంగా వచ్చు. ఆ ముందు బల్ల మీద నాకూ ఇంత చోటు కావాలని ఎంత ఆశగా ఉండేదో...

ఇంతలో పై అధికారి తనిఖీకి వస్తారని తెలిసింది. పాఠం పిల్లలకు అందడం లేదని తేలితే ఆ మాస్టారును మా బడిలో ఉంచరని ఊరంతా అనుకుంటున్నారు. సారు మాతో ఒక్క మాటే అన్నారు.

"నాకు మరాఠీ రాదు గని లెక్క వచ్చు. గది మీరే సూపియ్యాలె."

తనిఖీ రోజు సారు మరాఠీ అడుగడుగునా తడబడింది. ముందు బల్ల కిసుక్కుమంది. అధికారి నన్ను నల్లబల్ల దగ్గరకు పిలిచారు. ఏడు, పదకొండు, పదిహేను... ఇలా ఇరవై పదాలు, వాటి మొత్తం చెప్పమన్నారు. నేను వరుసను ఒకసారి సూటిగా, దాని కింద తలకిందులుగా రాశాను. ప్రతి జత తొంభై. ఇరవై జతలు, అందులో సగం, తొమ్మిది వందలు. పుస్తకంలోని సూత్రం అప్పటికి తరగతిలో మొదలే కాలేదు. అధికారి ముచ్చటపడి, ఈ పద్ధతి ఎవరు నేర్పారని మరాఠీలో అడిగారు.

ముందు బల్ల నా వైపే చూస్తోంది.

"కోణీ నాహీ. మీ స్వతః శికలే," అన్నాను. ఎవరూ కాదు, నా అంతట నేనే నేర్చుకున్నాను అని.

గోడ పక్కన నిలబడి ఉన్న సారు నన్ను ఒక్క క్షణం చూశారు. తరువాత అధికారి వైపు తిరిగి, "హో సాబ్. పోరీ హుషార్ ఆహే. ఖుద్ శికతీ," అన్నారు. అవును, పిల్ల తెలివైనది, తనంతట తానే నేర్చుకుంటుంది అని... వచ్చీరాని మరాఠీలో ఉర్దూ మాట కలిపి. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను.

డిపోలో తెలుగు పాఠాలు నడుస్తున్నాయని తెలిస్తే సారుకే ముప్పు కనుక దాచానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ క్షణంలో నాకు సారు గుర్తే లేరు.

నెల తిరగకుండా సారును మా బడి నుంచి తప్పిస్తూ ఉత్తర్వు వచ్చింది. సారు ఆసిఫాబాద్ వైపు వెళ్లిపోతున్నారని తెలిసిన మరునాడే బజారులో ఎదురుపడ్డారు. ఏమీ తెలియని మా అమ్మ ఆయనను ఆపింది.

"మీరు పోతే మా పిల్లకు లెక్కలు ఎవలు చెప్తరు సారూ?"

"నీ బిడ్డకు ఎవ్వలు అక్కర్లేదమ్మా. తనే నేర్సుకుంటది."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉండి ఉంటే నేను ఇంతకాలం మోసేదానిని కాదు.

తరువాత నాగపూర్‌లో గణితం చదివాను. చంద్రపూర్‌లో ముప్పై ఏళ్లు అదే గణితం బోధించాను. ఇప్పటికీ ఒంటరిగానే ఉంటాను. నా వంట, నా బ్యాంకు పని, నా మందుల చీటీ, అన్నీ నేనే చూసుకుంటాను. ఎవరి సాయమూ లేకుండా పైకి వచ్చానని చెప్పుకోవడం నాకు అలవాటు. ప్రతి ఏడూ శ్రేఢుల పాఠం రాగానే దుంగల గుట్ట బొమ్మ గీసి, పక్కన తలకిందుల గుట్ట గీసేదానిని. పిల్లలు అబ్బురపడి, ఇది మీరే కనిపెట్టారా మేడమ్ అని అడిగేవారు. నేను చిరునవ్వు నవ్వి ఊరుకునేదానిని. రాజురాలో చేసిన తప్పుకు నా పద్నాలుగేళ్ల వయసు సాకుగా ఉంది. ఈ తప్పుకు ఏ సాకూ లేదు.

పదవీ విరమణ చేశాక ఆసిఫాబాద్ వెళ్లి వాకబు చేశాను. అప్పటికే సారు పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు పిల్లలు శ్రేఢులను ఫోనులో నేర్చుకుంటున్నారు. చెప్పేవారి పేరు తెర మీదే రాసి ఉంటుంది, ఎవరు పలికినా పలకకపోయినా అది చెరిగిపోదు. మా రోజుల్లో మాస్టారి పేరు నిలవడానికి శిష్యుల నోరు తప్ప వేరే చోటు ఉండేది కాదు... మీకు ఏదో ఒకటి నేర్పి, మీరు ఎక్కడా చెప్పని పేరు ఉంటే కింద రాయండి. వారు బతికి ఉంటే ముందు వారికే చెప్పండి. నాకు ఆ వీలు లేదు.