తప్పు కంపైలర్‌దే

మా ఫిలిప్ సార్ లెక్కలో విద్యార్థి ఎన్నడూ తప్పు చేయడు. తప్పంతా కంపైలర్‌దే. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టే ఆ పాపపు సాఫ్ట్‌వేర్, మేడ్చల్‌లోని ఆయన కంప్యూటర్ సెంటర్లో పడని నింద లేదు.

మా క్లాసు రమేష్ సగం ప్రోగ్రాం రాసి మిగతాది మరిచిపోయినా, "పరేషాన్ గాకు. కంపైలర్‌కు తిక్క లేసింది" అనేవారు. ఆ తిక్క కుదర్చాలంటూ పక్కన కూర్చుని పాఠమంతా మళ్లీ చెప్పేవారు. కరెంటు పోయినా కంపైలరే. మా గౌడవెల్లి బస్సు రాకపోయినా కంపైలరే.

నేను అప్పటికి రెండుసార్లు కోర్సు పరీక్ష తప్పాను. "ఈసారి గూడ పోతే ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి నడువు" అని మా బాపు తేల్చేశాడు.

మూడోసారి పరీక్షలో బస్సు సీట్ల ప్రోగ్రాం రాశాను. ఒక్కో సీటు పుట్టగానే దానికి 'ఖాళీ' అని గుర్తు పెట్టడం ప్రోగ్రాములో కన్‌స్ట్రక్టర్ అనే ముక్క పని. నలభై సీట్లకు నలభైసార్లు నడవాల్సింది, ఒక్కసారి నడిచి ఊరుకుంది. బస్సు కదలకముందే, గుర్తు పడని ముప్పైతొమ్మిది సీట్లు నిండిపోయాయి!

"గండిమైసమ్మ బస్సు గిట్లనే ఉంటది గదా!" అన్నాడు రమేష్. పరీక్ష పెట్టడానికొచ్చిన లలితకుమారి మేడం నవ్వలేదు.

"తప్పు కంపైలర్‌ది, మేడం" అన్నారు సార్. క్లాసంతా గొల్లుమంది.

"మీరెప్పుడూ అదే అంటారట కదా!" అంటూ మేడం ఎర్ర పెన్ను తీశారు.

సార్ నా ప్రోగ్రాం మొదటి నుంచి చివరిదాకా చదివారు, ఎక్కడా తప్పు దొరకలేదు. "గంట ఆగుండ్రి, దండం పెడత" అని స్కూటర్ మీద షామీర్‌పేట పోయి, దోస్తు దగ్గర్నుంచి కొత్త కంపైలర్ సీడీ తెచ్చారు. నా ప్రోగ్రాములో ఒక్క అక్షరం ముట్టకుండా నడిపారు. నలభై సీట్లూ ఖాళీ! మేడం రెండుసార్లు నడిపి చూసుకుని, పాస్ అని రాశారు.

"అయితే సార్, గిన్ని రోజులు మీరు చెప్పింది నిజమేనా?" అన్నాను.

"ఐదేండ్లల్ల గిదొక్కటే నిజం. మిగతా తప్పులన్నీ మీయే."

"మరి గట్లెందుకు చెప్పిండ్రు?"

"మొదటి రోజే తప్పు నీదంటే, రెండో రోజు బస్సెక్కుదువా సుస్మితా?"

ఎక్కేదాన్ని కాదు.

సంతోషం పట్టలేక సార్ స్వయంగా చాయ్ పెట్టిచ్చారు. చక్కెరకు బదులు ఉప్పు!

"కంపైలర్ తప్పా సార్?"

"కాదు బిడ్డా, ఇది నాదే. తాగు."

తాగేసి, బాపుకు చెప్పాలని పరుగున పోయి బస్సెక్కాను. ఒక్క సీటూ ఖాళీ లేదు. కంపైలర్‌ను తిట్టుకుంటూ, నవ్వుకుంటూ గౌడవెల్లి దాకా నిలబడే పోయాను.