వేలికి అంటిన తీపి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే అంకెలు చదివే పని నాది. నాన్న అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటల్లో పనిచేసేవాడు, వారానికొకసారి ఇంటికొచ్చేవాడు. నన్ను బడికి పంపే వీలు లేక, వచ్చినప్పుడల్లా తనే పలక ముందేసుకుని అక్షరాలు, అంకెలు నేర్పాడు. అమ్మకూ నాయనమ్మకూ చదువు రాదు. అందుకే మా చెల్లి వేలు గుచ్చి నెత్తుటి చుక్కను షుగర్ మిషను స్ట్రిప్పుకు అంటించేది అమ్మ. తెర మీద పడిన అంకె చదివి నోటుబుక్కులో రాసేది నేను.

చెల్లికి అప్పుడు ఐదేళ్ళు, నాకు పది. ఐదేళ్ళ పిల్లకు షుగరేమిటని చుట్టాలంతా వింతగా అడిగేవాళ్ళు. ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ మాకు ఆ మిషను ఇప్పించి, ఇన్సులిన్ సూది వేయడం అమ్మకు నేర్పింది. పరగడుపున అంకె మూడు వందలు దాటితే సిరంజి మీద రెండు గీతలు ఎక్కువ తీయమంది. ఫ్రిజ్ లేదు కాబట్టి ఆ మందు సీసాను కుండలో తడి ఇసుక పోసి, దేవుడి మూలనే పెట్టేవాళ్ళం. దీపం వెలిగించాక నేను ఆ కుండకు కూడా దండం పెట్టుకునేదాన్ని.

చలికాలమంతా బాగానే గడిచింది. ఇప్పపూలు రాలడం మొదలయ్యాక అంకెలు మా మాట వినడం మానేశాయి. తొలి వెలుగులో నాయనమ్మతో అడవిలోకి వెళ్ళి మేమిద్దరం పూలు ఏరేవాళ్ళం. తిరిగొచ్చి గంపలు దించగానే అమ్మ చెల్లి వేలు కొంగుతో తుడిచి మిషను తీసేది. ఒకరోజు 412. మర్నాడు వాన పడి ఇంట్లోనే ఉంటే 118. ఆ మర్నాడు 390. మిషనును తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి తిప్పి చూసుకున్నాను. అంకె ఎక్కువ పడిన రోజు అమ్మ రెండు గీతలు కలిపేది. పొద్దెక్కేసరికి చెల్లికి చెమటలు పట్టి చేతులు వణికేవి. చక్కెర నీళ్ళు తాగిస్తే లేచి ఆడుకునేది. పొద్దున ఒంట్లో అంత ఉన్న తీపి ఇంతలోనే ఎటు పోతున్నదో ఎవరికీ అంతుపట్టలేదు.

"పూలు నోట్లె ఏసుకుంటున్నదేమో అత్తా, జర సూడరాదు," అంది అమ్మ.

"నా కండ్లముంగటనే ఉంటది. ఒక్కటి గూడ తినలే. నీ మిషనుకే రోగమొచ్చింది," అంది నాయనమ్మ.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమన్న పెడుతున్నవానే? అది ఏడిస్తే సూడలేవు నువ్వు."

లేదన్నాను. అమ్మ నమ్మినట్టు కనిపించలేదు. దీపం ముందు నిలబడి, చెల్లికి నేనేమీ పెట్టలేదని ప్రమాణం చేశాను.

మర్నాడు పొద్దున 436.

నూట ముప్పై అని చెబితే పోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. దీపం వెలుగుతూనే ఉంది. భయపడి ఉన్నదే చదివాను.

"దేవుని ముంగట గూడ అబద్ధమేనా?" అంది అమ్మ. కోపమో భయమో, ఆ రోజు నాలుగు గీతలు కలిపింది. నేను నిజంగానే ఏమైనా పెట్టి మరిచిపోయానా అని నా మీద నాకే అనుమానం వచ్చింది. కిందటి రోజు పొద్దుటి నుంచీ చేసినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ వాకిట్లో కూర్చున్నాను.

అలా కూర్చుని ఉండగానే, అమ్మ ఇప్పపూలు ఆరబోస్తున్న చాప పక్కన చెల్లి ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు. నాయనమ్మ వీధిలోకి పరిగెత్తింది. పసిపిల్లలకు టీకాలు వేయడానికి ఆ పూట మా ఊరొచ్చిన నర్సక్కను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నర్సక్క చెల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తడిపిన చక్కెరను కొంచెం కొంచెంగా బుగ్గ లోపల రుద్దింది. చెల్లి మెల్లగా కళ్ళు తెరిచి, నోట్లో ఉన్నది చప్పరించింది.

"పొద్దుగాల నాలుగొందలు దాటిందమ్మా, అందుకే ఎక్కువ ఏసిన," అని అమ్మ ఏడ్చింది.

నర్సక్క నా నోటుబుక్కు తిరగేసింది. చాప మీది పూలనూ అమ్మ చేతులనూ చూసింది. ఏమనుకుందో, "అక్కా, నీ వేలియ్యి," అంది. గుచ్చింది. నన్నే చదవమంది.

371.

అమ్మ తన వేలిని చూసుకుంది. "అయ్యో, నాకు గూడనా!"

నర్సక్క నవ్వలేదు. సబ్బుతో అమ్మ చేతులు రుద్ది కడిగించి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ గుచ్చింది. ఈసారి 94.

"షుగరు నీకు లేదక్కా, నీ వేలికున్నది. మా అమ్మ గూడ ఇప్పపూలు ఏరుతది, గా తీపి జిగురు నాకెరుకే. కొంగుతోని తుడిస్తె పోతదా?"

"అంటే బిడ్డ తినలేదా?"

"తినలే. ఎవ్వలూ పెట్టలే. దాని వేలికి గూడ గదే జిగురు."

"నేను చెప్తనే ఉన్న, మిషనుకే రోగమని," అంది నాయనమ్మ.

"మిషను మంచిగనే ఉన్నదవ్వా. మనమే దానికి పూలను సూపిచ్చినం."

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, ఒక్కొక్క వేలినే సబ్బుతో కడిగింది. నా వేలు ఎవరూ గుచ్చబోవడం లేదని ఆమెకు తెలుసు. కడుగుతూనే ఉంది.

చెల్లికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. దాని మిషను పక్కన ఎప్పుడూ ఒక సబ్బుబిళ్ళ ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు. నేను అబద్ధం చదివి ఉంటే చెల్లి పడిపోయేది కాదు, నిజం చదివాను కాబట్టే పడిపోయింది. ఆ చిక్కును దేవుడికే వదిలేశాను. ఆ పూటే నర్సక్కను మా ఊరికి పంపింది ఆయనే కదా, అది చాలు. నా మాటకు దీపం సాక్ష్యం చెప్పలేదని ఏడ్చిన దాన్ని, రోజూ ఆ దీపానికే దండం పెట్టుకుంటున్నాను. ఎవరైనా వచ్చి ఫలానా వాళ్ళు తప్పు చేశారని చెబితే, లేచి వెళ్ళి ముందు చేతులు కడుక్కుంటాను. మా పిల్లలు నవ్వుతారు. నేను వేళ్ళ సందులు కూడా బాగా రుద్ది కడుక్కుని, పొడిగా తుడుచుకుని, అప్పుడొచ్చి కూర్చుని, "ఇప్పుడు మళ్ళీ చెప్పు," అంటాను.