అమ్మ చీరకు అంటిన ఉప్పునీళ్లు

దయ్యాలూ పూనకాలూ అంటే నాకు ఎప్పుడూ గిట్టదు. భోకర్‌లో ఒక మరాఠీ బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పాను. మా వాడకట్టులో ఎవరికైనా పూనకం వచ్చిందంటే చూడ్డానికి కూడా వెళ్లేదాన్ని కాదు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. జరిగింది మా అమ్మకు. అందులో నా తప్పు కూడా ఉంది.

డెబ్బైల మొదట్లో నాందేడ్‌లో మాది ఉమ్మడి కుటుంబం. మా నాన్న, అంటే బాపు, ఆయన అన్న పెద్దబాపు కలిసి బట్టల దుకాణం నడిపేవారు. ఇంట్లో పెత్తనం పెద్దమ్మది. నాకప్పుడు పన్నెండేళ్లు. బొంబాయిలో పెద్దమ్మ చెల్లెలి ఇంట్లో పెళ్లి కుదిరితే అందరం వెళ్దామనుకున్నాం. సముద్రం చూడొచ్చని నాకంటే అమ్మే ఎక్కువ సంబరపడింది.

బయల్దేరే రోజు, టాంగా వచ్చి వాకిట్లో నిలబడ్డాక, బాపు అమ్మతో అన్నాడు:

"నువ్వు ఉండు. అమ్మను ఎవరు చూస్తరు?"

నాయనమ్మ తుంటి విరిగి మంచంలో ఉన్న మాట నిజమే. కానీ ఆ ముక్క వారం ముందే చెప్పొచ్చు. అమ్మ తన పెట్టె తానే లోపలికి మోసుకుపోయింది. మళ్లీ బయటికి వచ్చి, "నాకు నాలుగు గవ్వలన్న తేవే బిడ్డా" అంది.

మన్మాడ్‌లో బండి మారి బొంబాయి చేరాం. పెళ్లయిన మర్నాడు, మంగళవారం పొద్దున, అందరం జుహూ వెళ్లాం. పెద్దవాళ్లు ఇసుకలో కూర్చున్నారు. పెద్దమ్మ పిల్లలు అలల్లో ఆడుతుంటే నేను కాస్త దూరం వెళ్లి లంగా ఒడిలో గవ్వలు ఏరాను. ఒకటి ఎర్ర గీతలతో ముచ్చటగా ఉంది. అంచు పగిలి ఉండటంతో, అమ్మకు పగిలింది ఎందుకని నీళ్లలోకి విసిరేశాను. అప్పుడు నా దగ్గర ఎవరూ లేరు. ఆ తర్వాత ఎవరికీ చెప్పనూ లేదు. అది చెప్పుకునేంత సంగతా?

శుక్రవారం ఇల్లు చేరాం. అమ్మ గవ్వలు చాటలో పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. మామూలు గొంతుతోనే అంది:

"ఎర్ర గీతలది పారేస్తివి గదా. పలిగితే ఏమాయెనే, తేవాల్సింది."

"నీకెట్ల తెలుసమ్మా?"

"నీ పక్కకే ఉంటి గదనే."

నాకు భయం వేయలేదు. ఆనందం పట్టలేక, అమ్మ కూడా సముద్రం దగ్గరికి వచ్చిందట అని ఇల్లంతా చెప్పుకుంటూ పరుగెత్తాను.

పెద్దమ్మ నవ్వి ఊరుకునేదేమో. అంతలో లోపలి గదిలోంచి నాయనమ్మ అందుకుంది:

"పొల్ల అబద్ధం చెప్తలేదు. మంగళారం పొద్దుగాల ఇది నా మంచం కాడనే కూసొని బియ్యం ఏరుతుండె. ఏరుకుంట ఏరుకుంట బిగుసుకపోయింది. చూస్తె చీర మోకాళ్ల దాంక తడి! నీళ్లకు బాయి కాడికి పోలేదు, కూసున్న కాడికెళ్లి లేవనే లేదు. తడిని వేలికి తీసి నాలికకు రాసుకున్న. ఉప్పు!"

నాయనమ్మకు అమ్మంటే ఏనాడూ ప్రేమ లేదు. ఆమె కోసం కల్పించి చెప్పే మనిషి కాదు. మతి కూడా చివరిదాకా చక్కగానే ఉంది. ఉతకని ఆ చీర వెనక గదిలో మూట కట్టి ఉంది. విప్పి చూస్తే మోకాళ్ల ఎత్తున తెల్లటి చార. నా కళ్లతో చూశాను.

"గాలి సోకింది దీనికి," అంది పెద్దమ్మ.

మర్నాడు ఎక్కణ్ణుంచో ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు అమ్మను నడింట్లో కూర్చోబెట్టి వేపమండలతో కొట్టాడు. బాపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గవ్వలన్నీ పెద్దబాపు తీసుకుపోయి గోదావరిలో పారబోశాడు.

ఆ రోజు నుంచి అమ్మను వంటింట్లోకి రానివ్వలేదు. ఆమె చేత్తో ఇచ్చింది పెద్దమ్మ పిల్లలు తినేవాళ్లు కాదు. పేరంటాలకు పిలుపుల్లేవు. పదకొండేళ్లు వెనక గదిలో అట్లాగే బతికి, జ్వరం వచ్చి చనిపోయింది. ఆ మాట బయట పెట్టింది నేనే అని ఒక్కసారి కూడా అనలేదు.

అమ్మ పోయిన మూడేళ్లకు బాపు గుండె జబ్బుతో మంచం పట్టాడు. చూసుకోవడానికి భోకర్ నుంచి వచ్చాను. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు:

"గా దినం జుహూల మీ అమ్మను నేను గూడ చూసిన."

నోటి దగ్గర పెట్టిన గ్లాసు వెనక్కి తీసుకున్నాను.

"నీ పక్కకే వంగి గవ్వలు ఏరుతుండె. మోకాళ్ల దాంక నీళ్లల్ల ఉండె. తల ఎత్తి నా దిక్కు చూసింది."

"నువ్వేం చేసినవు బాపూ?"

"మొకం తిప్పుకున్న. అన్న పక్కకే ఉండె."

"ఆమెను కొడుతుంటె గూడ చెప్పకపోతివి?"

"నన్ను గూడ పిచ్చోడంటరని... మీ అమ్మ నన్ను అడుగుతదేమో అని శాన దినాలు చూసిన. ఒక్కసారి గూడ అడగలె."

గ్లాసు కింద పెట్టి లేచాను. ఆ సాయంత్రం బస్సుకే భోకర్ వెళ్లిపోయాను. ఆయన పోయినప్పుడు వచ్చాను కానీ ఏడుపు రాలేదు.

నాయనమ్మ ఏదో కల్పించిందనుకుందామంటే, పగిలిన గవ్వ సంగతి అమ్మకు తెలిసే దారి లేదు. బాపుది భ్రమ అనుకుందామంటే, చీర మీద ఆ చార నేను చూశాను. ఇన్నేళ్లయినా నాకు అంతు పట్టలేదు.

నా పక్కనే ఉందట. బాపుకు కనబడిందట. అంత దగ్గర ఉన్న నాకు మాత్రం అమ్మ కనబడలేదు.