పూత పోయిన గొలుసు

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాళ్ళకు కొదవ లేదు గానీ, మా వెంకటాద్రికి ఉన్నంత కన్ను ఎవరికీ లేదట. ఆ మాట చెప్పేది వెంకటాద్రే. పెళ్ళికి వెళ్తే అక్షింతలు వెయ్యడం మర్చిపోతాడేమో గానీ, ఏ మెడలో అసలు బంగారం ఉందో, ఏ మెడలో గిల్టు ఉందో తేల్చకుండా భోజనానికి లేవడు. పక్కబల్ల మీద కొక్కేలు అతికే నాకు ఆ వివరాలన్నీ మర్నాడు అప్పజెబుతాడు.

ఆ కన్నుతోనే పాతికేళ్ళ కిందట అవనిగడ్డకు పెళ్ళిచూపులకు వెళ్ళాడు. జ్యోతిర్మయి కాఫీ అందిస్తుంటే మహానుభావుడు పిల్ల ముఖం వదిలేసి గొలుసు చూశాడు. తను చేసిన గొలుసే! గిల్టు పెట్టి మోసం చెయ్యబోయారని సంబంధం వద్దన్నాడు. తనకు అన్నం పెడుతున్నది ఆ గిల్టేనని అప్పుడు గుర్తు రాలేదు.

తర్వాత గుడివాడ అమ్మాయి సుగుణను చేసుకున్నాడు. "మా ఆవిడ మెడకి మన సరుకు ఆనదులే. ఆ జ్యోతిర్మయినే చేసుకునుంటేనా..." అని నిట్టూర్చడం ఆయనకు టిఫిన్ తర్వాతి కార్యక్రమం.

పోయిన నెల జ్యోతిర్మయి భర్తతో సహా మా కొట్టుకే వచ్చింది. రుమాలు విప్పి గొలుసు బల్లమీద పెట్టింది. అదే గొలుసు. పూత పోయి రాగి బయటపడింది.

"మళ్ళీ పూత వేస్తారాండీ?"

"ఇన్నాళ్ళూ దాచారా?" అన్నాడు వెంకటాద్రి.

"మీరు చేసిందని తెలిసే ఆ రోజు పెట్టుకున్నానండీ. అసలువి బీరువాలోనే ఉన్నాయి. మీరు సంతోషిస్తారనుకున్నాను."

భర్త శివరామయ్య పడీపడీ నవ్వాడు. "దీని పుణ్యమాని నాకు పెళ్ళయిందండీ. అందుకే పారెయ్యనివ్వలేదు."

వెంకటాద్రికి నవ్వు రాలేదు. పాపం, నిజంగానే ఏడుపొచ్చింది. వాళ్ళు వెళ్ళాక మూడు రోజులు ఆ ఒక్క గొలుసుకే మెరుగు పెడుతూ కూర్చున్నాడు. మూడోనాడు సుగుణ టీ పట్టుకొచ్చి, గొలుసు చేతిలోకి తీసుకుంది.

"ఎంత బాగుందండీ!"

"బాగుంటే మాత్రం? నువ్వు గిల్టు పెట్టుకోవుగా."

"అని నేనెప్పుడన్నాను? పెళ్ళైన కొత్తలో మీ చేత్తో ఒకటి చేసిస్తారని చూశాను. ఇవ్వలేదు. మీ సరుకు నా మెడకి పనికిరాదని మీరే అందరికీ చెప్పుకున్నారు."

నేను తల దించుకుని కొక్కెం అతుకుతున్నట్టు నటించాను. వెంకటాద్రి కళ్ళజోడు తీసి పెళ్ళాం ముఖం చూశాడు.

"నీకెలాంటిది కావాలి?" అని అడిగాడు.